తొండి ఆటయు అంతరంగ శుద్ధియు

మనుష్యుని శీలమును ఎరుగవలెనన్న అతనిని పూజావేళ చూచుట చాలదు. ఆటవేళ కూడ చూడవలెను. పూజావేళ నలుగురు చూచుచుందురు. ఆటలో ఓటమి దగ్గరపడినపుడు, పట్టుకొనువారెవ్వరును లేరని తెలిసినపుడు, చేతికందిన అక్రమమును విడిచిపెట్టగలవాడెవడో వానిదే శీలము. ఆట అల్పవిషయమని తలచువారు కలరు. కాని న్యాయాన్యాయములను బిడ్డ తన యీడువారితో కలిసి మొట్టమొదట నేర్చుకొనునది గోలీల గుంట దగ్గర, చిర్రగోనె బరిలో. అక్కడ అన్యాయముగా ఆడుటకు పిల్లలు పెట్టిన పేరు తొండి. తొండి ఆడునని పేరుపడిన పిల్లవానిని మరునాడు ఎవ్వరును ఆటకు పిలువరు. ఏ ధర్మశాస్త్రమును చదువని పసివారు తమలో తాము ఏర్పరచుకొన్న శిక్ష అది.

నేడు ఆ గోలీల గుంట సెల్‌ఫోనులోనికి మారినది. నర్సంపేట పట్టణమున సాయంకాలమైనచో వీధి అరుగులమీదను, టీ దుకాణముల ముందును నలుగురేసి యువకులు వరుసగా కూర్చుండి, చెవులలో తీగలు పెట్టుకొని, తల యెత్తక ఆడుచుండుట సామాన్య దృశ్యము. ఖానాపురము, చెన్నారావుపేట, నెక్కొండ, దుగ్గొండి, నల్లబెల్లి మండలముల పల్లెలనుండి చదువులకై వచ్చిన పిల్లలును వీరిలో కలరు. పత్తియో మిరపయో అమ్మిన సొమ్ముతో తండ్రి కొనియిచ్చిన ఫోను అది. కరోనా కాలమున, 2020 సెప్టెంబరు 1 నుండి, తెలంగాణములో బడిపాఠములు టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ప్రసారముల ద్వారా ఇంటికే వచ్చుట మొదలైనది. ఫోను లేని ఇంట కూడ పిల్లల చదువు పేరిట ఫోను కొనవలసి వచ్చిన రోజులవి. ఆ మరునాడే, సెప్టెంబరు 2న, కేంద్ర ప్రభుత్వము 118 అప్లికేషన్లను నిషేధించినది. అందు పబ్‌జి అను తుపాకీ ఆట ఒకటి. చదువును ఆటయు ఒకే ద్వారమున ఇంట ప్రవేశించినవనుటకు ఈ రెండు తేదీలే సాక్ష్యము.

నిషేధముతో ఆట ఆగలేదు. 2021లో క్రాఫ్టన్ అను దక్షిణ కొరియా సంస్థ అదే ఆటను భారతదేశమునకై బి.జి.ఎం.ఐ. అను పేర మరల తెచ్చినది. 2022 జూలైలో అదియు తొలగింపబడి, 2023 మే నెలలో తిరిగి వచ్చినది. ఫ్రీ ఫైర్ అను మరియొక ఆటను 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వము నిషేధించినది. ఆటలు వచ్చును, పోవును, పేరు మార్చుకొని మరల వచ్చును. ఆడువాని స్వభావము మాత్రము పేరుతో మారునది కాదు. కావున ఏ ఆట మంచిది, ఏది చెడ్డది అను చర్చకంటె, ఆడువాడు ఎట్లు ఆడుచున్నాడు అను ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది.

ఆట స్వరూపమును పెద్దలు కొంత తెలిసికొనుట అవసరము. ఈ జాతి ఆటలలో నూరుగురు ఆటగాండ్రు విమానమునుండి ఒక దీవిపై దిగుదురు. ఆయుధములను వెదకుకొని, ఒకరినొకరు కాల్చుకొనుచు, చివరకు మిగిలిన జట్టు గెలుచును. ఆ నూరుగురు ఒక ఊరివారు కారు. ఒకడు నర్సంపేటలో నుండవచ్చును, ఒకడు నాందేడులో, ఒకడు నేపాళమున. వారి ముఖములు ఒకరికొకరికి తెలియవు. అసలు పేర్లు తెలియవు. గురి చూచుట, చప్పుడునుబట్టి శత్రువు ఎచ్చటనున్నాడో ఊహించుట, తోటివారితో సమయోచితముగా మాటలాడుట – ఇవి అందలి నేర్పులు. ఆ నేర్పు నెలల తరబడి అభ్యాసముచేతనే అబ్బును.

అభ్యాసము చేయక ఫలమును మాత్రము కోరువారికై దొంగ సాధనములు పుట్టినవి. ఒక సాధనము తుపాకి గురిని తానే ప్రత్యర్థి తలపైకి తిప్పును. మరియొకటి గోడ వెనుక దాగినవానిని గోడ లేనట్లే చూపును. ఇంకొకటి పరుగు వేగమును అక్రమముగా పెంచును. సాధనమేదియు లేకయే ఇద్దరు ముగ్గురు శత్రువులవలె ఆటలో ప్రవేశించి, రహస్యముగా మిత్రులై, ఒంటరివానిని చుట్టుముట్టు కపటము వేరొకటి. ఇవి అన్నియు తొండియే, వేషము క్రొత్తది.

వీనిలో గోడ వెనుక దాగినవానిని చూచు కపటమును కొంత నిదానించి పరిశీలింపవలెను. ఈ దోషముయొక్క మూలము అందే స్పష్టముగా తెలియును. ఆటను నడుపు యంత్రము ఎచ్చటనో దూరమున నుండును. అచ్చటినుండి వార్త ఆటగాని ఫోనునకు చేరుటకు క్షణములో కొంత భాగము పట్టును. ప్రత్యర్థి గోడచాటునుండి బయటికి వచ్చిన పిమ్మట ఆ వార్త పంపినచో ఆలస్యమగును. వాడు ఉన్నట్టుండి గాలిలోనుండి ఊడిపడినట్లు కనిపించును. అందుచేత చాల ఆటలలో ప్రత్యర్థులు ఎచ్చటెచ్చట ఉన్నారో ఆ సమాచారము ముందుగానే ఆటగాని చేతిలోని ఫోనునకు పంపబడును. కంటికి కనబడవలసినంతవరకే చూపి, తక్కినదానిని దాచి ఉంచుమని ఫోనునకు అప్పగింపు. దొంగ సాధనము చేయునదెల్ల ఆ అప్పగింపును విప్పి చదువుటయే.

అనగా ఆటగాని చేతిలో ఒక ముద్రవేసిన ఉత్తరము ఉన్నది. అది ఇతరుల ఉత్తరము. విప్పవద్దను నమ్మకముమీద అది ఆతని చేతికి ఇయ్యబడినది. విప్పినచో గెలుపు తథ్యము. విప్పినట్లు ఎదుటివానికి తెలియదు. పొరుగూరికి పోవుచు ఇంటి తాళపుచెవిని ఒకరు నమ్మి అప్పగించినపుడు, ఆ చెవితో ఆ ఇల్లు తెరచి చూచినవానిని లోకము ఏమనును? అతడు ఏ వస్తువును తీయలేదని చెప్పినంతమాత్రమున నిర్దోషి యగునా? ఆటలోని తొండియు అట్టిదే. అందు అపహరింపబడునది ఎదుటివాడు ఉంచిన నమ్మకము.

ఇక్కడ ఒక ఆక్షేపము తప్పక వచ్చును. ఇది ఆటయే కదా, ఎవ్వరును నిజముగా చావలేదు, ఎవ్వరి సొమ్మును పోలేదు, దీనికి ఇంత ధర్మవిచారము ఎందులకు అని యువకులు అడుగుదురు. ప్రశ్న సమంజసమైనదే, దానిని కసరివేయక సమాధానము చెప్పవలెను.

మొదటి సమాధానము తెలుగు దేశపు కథలలోనే ఉన్నది. పల్నాటి వీరచరిత్రలో కోడిపందెము ఆటయే. నాయకురాలు నాగమ్మ అందు కపటముతో గెలిచినదని కథ. ఆ ఆటలో ఓడినవారు ఏడేండ్లు ఊరు విడిచి పోవలసివచ్చెను. కడకు కారెంపూడి యుద్ధభూమిలో ఇరుపక్షముల వీరులును కూలిరి. హస్తినాపురమున శకుని వేసిన పాచికలును ఆటయే. కపటము చిన్న పలకమీద మొదలైనంతమాత్రమున దాని ఫలము ఆ పలకమీదనే ఆగునని నమ్మకము లేదు.

రెండవ సమాధానము ఇంతకంటె దగ్గరిది. ఆటకు మాట తప్ప వేరు ఆధారము లేదు. పొలమునకు హద్దురాళ్లు ఉండును, కొలిచి చూడవచ్చును. ఆటకు హద్దు అందరును ఒప్పుకొన్న నియమమే. ఆ నియమమును అందరును మీరినచో ఆటయే ఉండదు. కనుక తొండి ఆడువానికి ఒక విచిత్రమైన అవసరము కలదు: తక్కిన తొంబదితొమ్మిదిమంది నిజాయితీగా ఆడవలెను! వారి నిజాయితీయే ఆతని పెట్టుబడి. తాను పాటింపని ధర్మమును ఇతరులు పాటించుటవలననే లాభము పొందువాడు వారి శ్రమను తినుచున్నాడు. వారి అరగంట కాలము, వారి నెలల అభ్యాసము ఆతని కపటము ముందు వ్యర్థమగుచున్నవి.

నర్సంపేట ప్రాంతపు రైతునకు ఈ విషయమును వేరుగా బోధింప నక్కరలేదు. నకిలీ విత్తనము అననేమో ఆతనికి తెలియును. పొట్లముపై పేరు సరిగానే ఉండును. విత్తినపుడు అనుమానము రాదు. మొక్కయు ఎదుగును. కాపు రావలసిన నాటికి గాని మోసము బయటపడదు. అప్పటికి దున్నిన కూలి, పోసిన ఎరువు, కోల్పోయిన కారు మరల రావు. అక్రమముగా పొందిన గెలుపు అట్టి నకిలీ విత్తనము. దానిని విత్తుకొన్న పిల్లవాడు తనకు నేర్పు ఉన్నదని తానే నమ్మును. నిజమైన పరీక్ష వచ్చిన దినమున ఆ చేను కాయదు.

ఇది ఊహామాత్రము కాదనుటకు 2018లో జరిగిన ఒక ఘటన చాలును. ఆ సంవత్సరము అమెరికాకు చెందిన ఆప్టిక్ సంస్థ భారతీయ యువకులతో కౌంటర్ స్ట్రైక్ అను తుపాకీ ఆటకు ఒక జట్టును ఏర్పరచినది. జీతముమీద ఆడుటకు ఈ దేశపు పిల్లలకు అట్టి అవకాశము లభించుట అరుదు. అక్టోబరులో చైనాలోని షాంఘై నగరమున ఆసియా దేశముల పోటీ జరిగినది. వియత్నాము జట్టుతో ఆడుచుండగా భారత జట్టులోని ఒక ఆటగాని యంత్రముపై నిర్వాహకులకు అనుమానము కలిగి ఆటను ఆపిరి. గురిని సవరించు దొంగ సాధనము ఆ యంత్రములో బయటపడినది. దానికి పెట్టిన పేరు పత్రములు వ్రాసికొను సామాన్య సాధనపు పేరు – వర్డ్. నిర్వాహకుడు పరిశీలించుచుండగానే దానిని తొలగింప ఆ యువకుడు ప్రయత్నించినట్లు లోకమునకు తెలిసినది. జట్టంతయు పోటీనుండి బహిష్కరింపబడినది. సంస్థ ఆ జట్టును రద్దుచేసినది. ఆటల నియమపాలనను పర్యవేక్షించు అంతర్జాతీయ సంఘము ఆ యువకునిపై 5 సంవత్సరముల నిషేధము విధించినది.

ఆ నలుగురు తోటి ఆటగాండ్రను గూర్చి ఆలోచింపవలెను. వారు ఏ తప్పును చేయలేదు. ఇండ్లలో పెద్దలను ఒప్పించి, ఆటనే వృత్తిగా నమ్ముకొని వచ్చినవారు. ఒక్కని చేతిలోని చిన్న దస్త్రము వారి ఉద్యోగములను తీసికొనిపోయినది. అంతటితో ఆగక, పిమ్మట విదేశములలో ఆడిన ప్రతి భారతీయ యువకుడును కొంతకాలము అనుమానపు చూపులను భరింపవలసి వచ్చినది. తొండి ఆడువాడు తాను ఒంటరిగా పాపము చేయుచున్నానని తలచును. ఆతని వెనుక ఆతని జట్టు, ఊరు, దేశము నిలిచియుండుట ఆతనికి కానరాదు.

వ్యాపారము ఈ దోషమునకు ఎరువు వేయుచున్నది. దొంగ సాధనములను తయారుచేసి దినమునకు ఇంత, నెలకు ఇంత అని అద్దెకిచ్చు ముఠాలు లోకమున కలవు. 2021లో చైనా పోలీసులు అట్టి ఒక ముఠాను పట్టుకొని, విలాసవంతమైన కారులతో సహా సుమారు 4 కోట్ల 60 లక్షల డాలర్ల విలువగల ఆస్తిని స్వాధీనము చేసికొన్నారు. పిల్లల తొండి కోరికమీద కట్టిన సౌధమది. దక్షిణ కొరియా 2016 చివర తన చట్టమును సవరించి, అట్టి సాధనములను చేసి పంచువారికి జైలుశిక్షను ఏర్పరచినది. భారతదేశమున 2021 అక్టోబరు, నవంబరు మాసములలో సుమారు 40 దినముల వ్యవధిలో 25 లక్షలకు పైగా బి.జి.ఎం.ఐ. ఖాతాలను శాశ్వతముగా మూసివేసితిమని క్రాఫ్టన్ సంస్థ ప్రకటించినది. ఒక్కొక్కడు పలు ఖాతాలు తెరచియుండవచ్చును గాని, ఆ సంఖ్య కలతపెట్టునదే.

కాపలా కూడ పెరుగుచున్నది. కొన్ని ఆటలు ఆటగాని యంత్రముయొక్క మూలమువరకు చొచ్చి, అందేమి జరుగుచున్నదో ఎల్లవేళల కనిపెట్టు కాపలా సాధనములను పెట్టినవి. కొందరి తొండి కారణముగా అందరి ఇండ్లలోనికిని పరాయి కన్ను వచ్చి కూర్చున్నది. అయినను దొంగకు క్రొత్త దారి దొరకుచునే ఉన్నది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము సొమ్ము పందెముపై ఆడు ఆటలను నిషేధించి, నేర్పుతో ఆడు పోటీలను క్రీడలుగా గుర్తించినది. సొమ్ము లేని ఆటలో, ముఖము తెలియని వానిపై, ఇంటి మూలన కూర్చుండి పిల్లవాడు చేయు కపటమును ఏ పోలీసు వచ్చి పట్టుకొనును? చట్టముయొక్క చేయి అందని ఆ చోటునే ధర్మముయొక్క పని ఆరంభమగుచున్నది.

ఈ సందర్భమున బసవేశ్వరుని బోధ స్మరణకు వచ్చుట సహజము. ఏడు నిషేధములను చెప్పి, అవియే అంతరంగ బహిరంగ శుద్ధులని నిర్ణయించిన ఆయన వచనము వీరశైవ గృహములలో పిల్లలకు కూడ తెలిసినదే. ఆ వచనమును ఈ ఆట ప్రక్కన ఉంచి చూచిన యెడల ఆశ్చర్యము కలుగును. గోడ వెనుకటి రహస్యమును తీసికొనుట దొంగతనము. లేని నేర్పును ఉన్నట్లు చూపుట అసత్యము. ఓడినపుడు ఫోను విసరికొట్టునంత ఉద్రేకము కోపము. ఆట క్రొత్తగా నేర్చువానిని ఎగతాళి చేయుట పరులను రోసికొనుట. గెలిచినపుడు అరచుకొనునది ఆత్మస్తుతి. ఓడినపుడు పలుకునది పరనింద. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు చెప్పిన మాట ఎనిమిది వందల ఏండ్ల పిమ్మట నర్సంపేట అరుగుమీది ఫోనునకు ఇంతగా సరిపోవుటకు కారణము ఒక్కటే: పనిముట్లు మారినవి గాని మనస్సు మారలేదు.

పరనింద విషయము మరికొంత చెప్పదగియున్నది. ఈ ఆటలలో తోటివారితో మాటలాడు సౌకర్యము ఉన్నది. ఏర్పాటు మంచిదే. కాని తల్లి ముందు, గురువు ముందు ఏనాడును పలుకని మాటలను పిల్లలు అందు పలుకుచున్నారు. ప్రాంతమునుబట్టి, మతమునుబట్టి, కులమునుబట్టి నిందలు వినవచ్చుచున్నవి. ఆడపిల్ల గొంతు వినబడినచో అసభ్యపు మాటలు మొదలగును. అందుచేత ఎందరో బాలికలు నోరు విప్పకయే ఆడుదురు. అనుభవమంటపమున అక్కమహాదేవి నిర్భయముగా నిలిచి ప్రశ్నలకు సమాధానము చెప్పెననియు, అల్లమప్రభువు అధ్యక్షతన అన్ని వృత్తులవారును సమానముగా మాటలాడిరనియు గర్వముతో చెప్పుకొను కుటుంబములలోని కుమారుడు, ఒక తెలియని బాలికను నోరు మూసికొనునట్లు చేసినచో, ఆ గర్వమునకు అర్థమేమి?

ఇంకొక సూక్ష్మమైన దోషము కలదు. తనను ఓడించినవానినెల్ల దొంగ అని నిందించుట. కపటము పెరిగిన చోట నిజమైన నేర్పరికి కూడ ఈ నింద తప్పదు. నిద్ర మానుకొని అభ్యసించిన బాలుడు చక్కగా ఆడినందుకు దొంగ యని పిలువబడును. ఇది తొండి చేసిన రెండవ హాని: అది ఆటను చెరుపుటయే గాక, మంచిని చూచి మంచి యని గుర్తించు శక్తిని కూడ చెరుపును. కావున తాను తొండి ఆడనివాడు సైతము ఆధారము లేక ఇతరునిపై ఆ మాట వేయకుండుట శుద్ధిలో భాగమే.

ఏడు నిషేధములలో హింస కూడ ఒకటి. తుపాకీ ఆటలో ధర్మమును వెదకుట ఎట్లని పెద్దలు అడుగవచ్చును. చదరంగమున ఏనుగు, గుఱ్ఱము చచ్చుచున్నవి; దానిని హింస యని ఎవ్వరును అనరు. ఇక్కడను కూలినవాడు మరుసటి ఆటలో లేచి వచ్చును. ఆడుటకు ఉభయులును ఒప్పుకొన్నారు. అయినను కాల్చుట, చంపుట అను దృశ్యములలో గంటలకొలది మునిగిన పసిమనస్సు మెత్తదనమును కోల్పోవుచున్నదా యను భయము తేలికగా త్రోసివేయదగినది కాదు. దానిని తల్లిదండ్రులు తమ బిడ్డ నడవడిని చూచి నిర్ణయింపవలెను. ఒక్కటి మాత్రము నిశ్చయము: ఎదుటివాడు తుపాకీ ఆటకు ఒప్పుకొన్నాడు; మోసపోవుటకు ఒప్పుకొనలేదు.

శరణుల చరిత్రలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ఇక్కడ దారి చూపును. రాలిన బియ్యమును ఏరి తెచ్చి దాసోహము చేయుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. కావలసినదానికి మించి తెచ్చుట ఆశ యని చెప్పి, ఎక్కువైన బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను పంపెను. ఆ బియ్యము దొంగ సొమ్ము కూడ కాదు. ఎవ్వరును అడిగినవారు లేరు. అయినను ఆ ఇల్లాలి త్రాసు అంత సన్నముగా తూచినది. పాటుపడని గెలుపును ఇంటికి తెచ్చిన కుమారుని చూచి, పోసి రమ్మని చెప్పగల తల్లి నేడు కావలసియున్నది.

ఆ తల్లిదండ్రులు తమ త్రాసును కూడ చూచుకొనవలెను. బి.జి.ఎం.ఐ. 2023లో తిరిగి వచ్చినపుడు 18 ఏండ్లలోపువారికి దినమునకు 3 గంటల పరిమితి పెట్టబడినది. ఆ పరిమితిని తప్పించుకొనుటకు పిల్లవాడు వయస్సు మార్చి చెప్పును. పెద్దవారి ఫోను సంఖ్య ఇచ్చును. వచ్చిన రహస్యసంఖ్యను చదివి చెప్పునది తండ్రియే! ఆటలో మొదటి తొండి ఇంటిలో, పెద్దల సమ్మతితో జరిగిన పిమ్మట, రెండవదానికై పిల్లవానిని దండించుట న్యాయమా? తూకములో తండ్రి చేతివాటమును, పరీక్షలో అన్న చీటీలను చూచి పెరిగిన బాలుడు ఆటలో మాత్రము హరిశ్చంద్రుడు కావలెనని కోరుట వ్యర్థము.

అట్టి ఒక ఇంటిలో తాతకును మనుమనికిని జరుగు సంభాషణను ఊహింపవచ్చును. "అందరు అట్లనే ఆడుతున్నరు తాతా! నేనొక్కన్ని మంచిగ ఆడితే ఓడిపోవుడే" అని మనుమడు అనును. తాత కోపపడక, "అందరు నీతోని మంచిగ ఆడుతరని నమ్మి కదరా నువ్వు ఆటకు కూసున్నది? ఆ నమ్మకం నీ మీద ఎదుటోడు కూడ పెట్టుకున్నడు" అనును. పిల్లవాడు వెంటనే మారకపోవచ్చును. కాని ఎదుట కనబడు బొమ్మ వెనుక తనవంటి బాలుడు ఒకడు కూర్చున్నాడను ఎరుక ఆతని మనస్సున నాటుకొనును. ఆ ఎరుకయే ధర్మమునకు మొలక.

తప్పుచేసినవానికి తిరుగుదారి ఉండవలెనా యను ప్రశ్న మిగిలియున్నది. పూర్వపు వరంగల్లు జిల్లాలోని పాలకుర్తివాడైన సోమనాథుడు రచించిన బసవపురాణమున, వంకాయలను గుడ్డలో కట్టి లింగములవలె ధరించి బసవని ఇంటికి వచ్చిన దొంగల కథ ఉన్నది. బసవడు వారిని భక్తులనియే నమ్మెను. ఆ నమ్మకము ముందు వంకాయలు లింగములైనవి. మహిమను తీసివేసి చూచినను ఆ కథలో ఒక సత్యము మిగులును. వేషధారి తనను నమ్మినవాని యెదుట నిలువవలసి వచ్చినపుడు రెండే దారులు: ఆ నమ్మకమును దోచుకొనుట, లేదా దానికి తగినవాడగుట. షాంఘైలో పట్టుబడిన యువకునకు 5 సంవత్సరముల గడువు పెట్టిన సంఘము కూడ తలుపును శాశ్వతముగా మూయలేదు. ఇంటిలో పెద్దలు అంతకంటె కఠినులు కానవసరము లేదు. తప్పును ఒప్పుకొనుట, ఆ దొంగ సాధనమును తన చేతితోనే తీసివేయుట, కపటముతో వచ్చిన హోదాను వదలి మొదటి మెట్టునుండి ఆడుట – ఇంత చేసిన బాలుని మరల మరల పాత పేరుతో పిలువరాదు.

మఠములు కూడ ఈ విషయమును తమది కాదని తలపరాదు. మాసమున ఒకనాడు యువకులను కూర్చుండబెట్టి, నిందింపక, వారి ఆటను వారినోటనే విని, ఇది దొంగతనమా కాదా అని వారిచేతనే చర్చింపజేసినచో, అది చిన్న అనుభవగోష్ఠియే యగును. ఇంటిలో తల్లి అడుగు ప్రశ్నను కొంచెము మార్చినను చాలును. గెలిచితివా అని అడిగిన ఇంట గెలుపే విలువ యగును. ఎట్లు ఆడితివి అని అడిగిన ఇంట ఆటయే కాయకమగును.

ఇష్టలింగమును ధరించువాడు దానిని పూజించునది ఎడమ అరచేతిలో. సాయంకాలము ఫోను నిలుచునదియు ఆ అరచేతిలోనే. లింగము చేతనున్నంతసేపు సాక్షి ఉన్నాడని ఎరిగిన మనస్సు, ఫోను చేతికి వచ్చినంతనే సాక్షి లేడని తలచినచో, పూజ చేతిలోనే ఆగిపోయినదని అర్థము; లోపలికి చేరలేదు. ఎదుటివాడు చూడడు, నిర్వాహకుడు ఎరుగడు, చట్టము అందదు. అయినను చేతిలోని ముద్రవేసిన ఉత్తరమును విప్పక, నమ్మినవాని నమ్మకమును నిలిపి, ఓడిపోయి లేచి వచ్చిన బాలుడు ఉన్నచో, ఆ ఇంట అంతరంగ శుద్ధి మొదలైనదని పెద్దలు సంతోషింపవచ్చును.